అచ్చు బలహీనం, రంగు మనోహరం: అలాంటి నాణేనికి ఎంత ఇవ్వవచ్చు?

నాణేల సేకరణ: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: చాలాకాలంగా అమెరికా వెండి డాలర్లు సేకరిస్తున్నాను. న్యూ ఆర్లియన్స్ టంకశాలలో 1892లో ముద్రించిన మోర్గాన్ డాలర్ ఒకటి ఇప్పుడు అమ్మకానికి వచ్చింది. నాణేల నాణ్యతకు అంకె వేసే గ్రేడింగ్ సంస్థ దానికి 70కి 64 ఇచ్చి ప్లాస్టిక్ స్లాబులో బిగించింది. బొమ్మ వైపు చెవి మీది జుట్టు పాయలు దాదాపు చదునుగా ఉన్నాయి. బొరుసు వైపు డేగ రొమ్ము మీద ఈకలు కనిపించడం లేదు. అయితే బొమ్మ వైపు ఎడమ అంచు నుంచి సుమారు మూడో వంతు మేర నెలవంక ఆకారంలో బంగారు, ఊదా, నీలి రంగులు ఎంతో అందంగా పరుచుకున్నాయి. అమ్మకందారు ధరల పట్టికలో ఉన్నదానికంటే చాలా ఎక్కువ అడుగుతున్నారు. నాతోటి సేకర్త ఒకరు మాత్రం అచ్చు పడని నాణేనికి పట్టిక ధర కూడా దండగే అంటున్నారు. వీరిలో ఎవరి మాట నమ్మాలి?

జవాబు: ఇద్దరూ నాణెంలో ఒక్కొక్క గుణాన్నే చూసి మొత్తానికి ధర కడుతున్నారు. అమ్మకందారు రంగును చూస్తున్నారు, మీ మిత్రుడు అచ్చును చూస్తున్నారు. ఈ రెండు గుణాలూ నాణేనికి వేర్వేరు కాలాల్లో వచ్చాయి. అచ్చు ప్రెస్ దెబ్బ పడిన ఒక్క క్షణంలో నిర్ణయమైపోయింది, దానిని ఇక ఎవరూ మార్చలేరు. రంగు ఆ తరువాత ఏళ్ల తరబడి మెల్లగా వచ్చింది, ఇప్పటికీ మారుతూనే ఉండవచ్చు. కాబట్టి వీటికి విడివిడిగా, ముందు అచ్చుకు, ఆ తరువాతే రంగుకు వెల కట్టాలన్నది నా దృఢమైన అభిప్రాయం. కళ్లు ముందుగా రంగు మీదికే పోతాయి గనుక ఈ వరుసను పట్టుబట్టి పాటించవలసి ఉంటుంది.

అన్నిటికంటే ముందు ఆ చదునుదనం అచ్చు సరిగా పడక వచ్చినదో, చేతులు మారి అరిగిపోవడం వల్ల వచ్చినదో తేల్చుకోవాలి. నాణెం మీద అన్నిటికంటే ఎత్తుగా ఉండే భాగం డైలో, అంటే బొమ్మ చెక్కి ఉన్న అచ్చు దిమ్మలో, అన్నిటికంటే లోతుగా ఉంటుంది, అందువల్ల దెబ్బ పడినప్పుడు లోహం అక్కడికి చిట్టచివరగా చేరుతుంది. మోర్గాన్ డాలర్‌లో చెవి మీది జుట్టుకు దాదాపు సరిగ్గా వెనకవైపున డేగ రొమ్ము వస్తుంది. ఒకే చోట రెండు వైపులా లోతైన గుంటలు నిండవలసి ఉంటుంది కాబట్టి, ఒత్తిడి కొంచెం తగ్గినా మొదట దెబ్బతినేవి ఆ రెండు చోట్లే. లోహం డై అడుగును తాకని చోట, ముద్రణకు ముందు ఖాళీ బిళ్ల మీద ఉన్న సన్నటి గీతలూ చిన్న చిన్న గుంటలూ చెరిగిపోకుండా మిగిలిపోతాయి. పదిరెట్లు పెద్దదిగా చూపే భూతద్దంతో చెవి మీది భాగాన్ని చూసినప్పుడు అలాంటి గరుకుదనం కనిపిస్తే అది అచ్చు లోపమే. అరిగిన చోటు ఇందుకు భిన్నంగా నున్నగా, కొంచెం బూడిద రంగులో, మెరుపు లేకుండా ఉంటుంది. దీనికి తోడు మరొక పరీక్ష కూడా చేయండి. అరుగుదల ఒక్క చోటికే పరిమితం కాదు. చెవి మీది జుట్టు అరిగిన నాణెంలో చెంప, దవడ అంచు, డేగ రెక్కల పైభాగం కూడా ఎంతో కొంత అరిగి ఉంటాయి. ఆ భాగాలన్నీ నిండుగా ఉండి, నాణేన్ని వంచి తిప్పుతున్నప్పుడు వెలుగు పట్టీలు వాటి మీదుగా తెగకుండా సాగిపోతుంటే, మీరు చూస్తున్నది చలామణిలోకి వెళ్లని నాణేన్నేనని నమ్మవచ్చు.

రంగు ఉన్న నాణెంలో ఈ పరీక్ష మరింత అవసరం, ఎందుకంటే స్వల్పమైన అరుగుదలను రంగు సులువుగా కప్పిపుచ్చుతుంది. ముద్రణ సమయంలో లోహం అంచుల వైపు ప్రవహించినప్పుడు ఉపరితలం మీద కంటికి ఆనని సూక్ష్మమైన చారలు ఏర్పడతాయి. వెండి నాణేనికి ఉండే సహజమైన మెరుపు ఆ చారల నుంచే వస్తుంది. రాపిడికి ఆ చారలు పోయిన చోట తరువాత రంగు పట్టినా, అది లోపలి నుంచి వెలుగుతున్నట్టు ఉండదు, పైన పులిమినట్టు నిర్జీవంగా కనిపిస్తుంది. 64 అన్న అంకె చూసి ఈ పరిశీలన మానుకోవద్దు.

ఇక అచ్చు బలహీనంగా పడడానికి కారణాలు అనేకం. రెండు డైల మధ్య ఎడం అవసరమైనదానికంటే ఎక్కువగా ఉండవచ్చు. బిళ్లను కాల్చి మెత్తబరిచే పని సరిగా జరగక అది గట్టిగా ఉండిపోవచ్చు. బిళ్ల కొంచెం పలచనై ఉండవచ్చు. డై గుంటల్లో జిడ్డు పేరుకొని ఉండవచ్చు. లేదా డై ఎక్కువ నాణేలు కొట్టి తానే అరిగిపోయి ఉండవచ్చు. కారణం ఏదైనా, ధర కట్టేటప్పుడు అడగవలసిన ప్రశ్న ఒక్కటే: అదే ఏడాది, అదే టంకశాల నుంచి వచ్చిన మిగిలిన నాణేలు ఎలా ఉన్నాయి? న్యూ ఆర్లియన్స్‌లో 1890ల తొలి సంవత్సరాలలో కొట్టిన డాలర్లు చెవి దగ్గర చదునుగా ఉండడానికి పేరుపడ్డాయి, వాటిలోనూ 1892 నాటివి మరీ ముఖ్యంగా. అందువల్ల ఆ నాణేనికి పట్టికలో కనిపించే ధర నిండైన అచ్చును ఊహించి వేసినది కాదు. సగటు నాణెం ఇలాగే ఉంటుందని తెలిసిన కొనుగోలుదారులు ఇచ్చిన ధర అది. దాని మీద అచ్చు పేరు చెప్పి మళ్లీ తగ్గించమని అడిగితే ఒకే లోపానికి రెండుసార్లు కోత వేసినట్టవుతుంది. మీ మిత్రుడి వాదన ఇక్కడ నిలవదు. అయితే అదే వాదన శాన్ ఫ్రాన్సిస్కోలో 1881లో ముద్రించిన డాలర్ విషయంలో పూర్తిగా నిలుస్తుంది. ఆ నాణేలు నిండైన అచ్చుతో, గొప్ప మెరుపుతో లెక్కలేనన్ని దొరుకుతాయి కాబట్టి వాటిలో చదునుగా పడినదానిని పట్టిక ధరకు కొనవలసిన అవసరం ఎవరికీ లేదు. అలాంటిదానికి కనీసం ఒక మెట్టు కింది గ్రేడు ధరతో లెక్క మొదలుపెట్టాలి.

చదునుదనం ఎంత మేర ఉన్నదన్నది కూడా చూడండి. పాయల గీతలు మసకగానైనా కనిపిస్తుంటే ఒక ధర, చెవి పైభాగమంతా ఖాళీ పలకలా ఉంటే మరొక ధర. మీ వర్ణనను బట్టి మీ నాణెం రెండో కోవకు దగ్గరగా ఉంది. ఆ సంవత్సరపు నాణేలలో కొంచెం మెరుగ్గా పడినవి కూడా ఓపికగా వెతికితే దొరుకుతాయి కాబట్టి, పట్టిక ధరను పైమెట్టుగా ఉంచుకుని దానికి కొంచెం దిగువన పునాది ధర వేసుకోండి.

ఇప్పుడు రంగు సంగతికి వద్దాం. మీరు వర్ణించిన నెలవంక ఆకారం నాకు ఎంతో నమ్మకం కలిగిస్తోంది, అందుకు ఈ డాలర్ల చరిత్రే కారణం. 1878 నాటి బ్లాండ్–ఆలిసన్ చట్టం, ఆ తరువాత 1890 నాటి షెర్మన్ చట్టం కారణంగా అమెరికా ప్రభుత్వం నెలనెలా పెద్ద ఎత్తున వెండి కొనవలసి వచ్చింది. అందులోంచి కొట్టిన డాలర్లలో ప్రజల చేతుల్లోకి వెళ్లినవి కొన్నే. మిగిలినవి వెయ్యేసి చొప్పున కాన్వాస్ సంచుల్లో ఖజానా గదుల్లో ఉండిపోయాయి, 1960ల మొదట్లో కూడా అలాంటి సంచులు బయటికి వచ్చాయి. సంచి గుడ్డకు ఆనుకుని ఉన్న నాణేనికి గుడ్డలోని గంధకం తగిలి రంగు పట్టేది. పక్క నాణెం కప్పిన భాగానికి మాత్రం ఆ గంధకం అందేది కాదు. గుండ్రటి నాణెం మరో గుండ్రటి నాణేన్ని కొంత మేర కప్పితే బయట మిగిలేది నెలవంక ఆకారమే. అందుకే సంచిలో రంగు తేలిన డాలర్లు సాధారణంగా ఒక వైపే రంగుతో ఉంటాయి, కొన్నిటి మీద గుడ్డ నేత గళ్లు కూడా సన్నగా కనిపిస్తాయి.

ఆ రంగు పైనుంచి అద్దినది కాదు. వెండి గంధకంతో కలిసినప్పుడు ఉపరితలం మీద సిల్వర్ సల్ఫైడ్ పొర ఏర్పడుతుంది. ఆ పొర పైఅంచు నుంచి, అడుగు నుంచి తిరిగివచ్చే కాంతి ఒకదానితో ఒకటి కలిసి, నీటి మీద తేలిన నూనెలో లాగా, రంగులను పుట్టిస్తుంది. ఏ రంగు కనిపిస్తుందన్నది పొర మందాన్ని బట్టి ఉంటుంది కాబట్టి రంగులకు ఒక క్రమం ఉంటుంది. మొదట లేత పసుపు, తరువాత ముదురు బంగారు, ఎర్రని ఊదా, నీలం, ఆ పైన లేత నీలం; పొర ఇంకా మందమైతే మళ్లీ పసుపు, గులాబీ, ఆకుపచ్చ, చివరికి నలుపు. మీ నాణెంలో వెండి తెలుపు పక్కన బంగారు, దాని పక్కన ఊదా, అంచు దగ్గర నీలం ఈ వరుసలోనే ఉంటే అది సహజంగా వచ్చిన రంగు అనడానికి మంచి ఆధారం. రంగు లేని వెండిని ఆనుకునే ఒక్కసారిగా ఆకుపచ్చ కనిపిస్తే అనుమానించాలి.

ధర విషయంలో చాలామంది సేకర్తలు నష్టపోయే చోటు ఒకటుంది, అందుకే దానిని కొంచెం వివరంగా చెబుతాను. గ్రేడింగ్ సంస్థలు వాడే 1 నుంచి 70 దాకా ఉన్న కొలమానం 1949లో విలియం షెల్డన్ పెద్ద రాగి సెంట్ల కోసం రూపొందించినది. 1986లో పీసీజీఎస్, 1987లో ఎన్‌జీసీ అనే గ్రేడింగ్ సంస్థలు మొదలైన తరువాత అది మార్కెట్ మొత్తానికీ ప్రమాణమైంది. ఆ అంకెలో గీతలూ దెబ్బలూ, మెరుపు, అచ్చు, కంటికి కలిగే ఆకర్షణ అన్నీ కలిసి ఉంటాయి. అంటే అందమైన రంగు ఉన్న నాణేనికి ఆ రంగు కారణంగానే అంకె ఒక మెట్టు పైకి జరిగి ఉండవచ్చు. మీ నాణెం రంగు లేకపోయి ఉంటే ఆ అచ్చుకు, చెంప మీది దెబ్బలకు 63తో ఆగేదేమో పరిశీలించండి. అదే నిజమైతే 64కు పట్టిక ధర చెల్లించడంలోనే మీరు రంగుకు కొంత సొమ్ము ఇచ్చేసినట్టు. అమ్మకందారు ఆ 64 ధరను పునాదిగా తీసుకుని దాని మీద మళ్లీ రంగు పేరుతో అదనం అడిగితే, ఒకే అందానికి మీ చేత రెండుసార్లు చెల్లింపజేస్తున్నారన్న మాట. అందుకే స్లాబు మీది అంకెను పక్కన పెట్టి, ఇదే నాణెం రంగు లేకుండా తెల్లగా ఉంటే ఏ గ్రేడు వచ్చేదో మీరే నిర్ణయించుకుని, ఆ గ్రేడు ధర నుంచి లెక్క ప్రారంభించండి.

రంగుకు ఇవ్వవలసిన అదనం ఏ పట్టికలోనూ దొరకదు. ఇప్పటికే ముగిసిన వేలాలలో ఇలాంటి నెలవంక రంగుతో అమ్ముడైన మోర్గాన్ డాలర్ల చిత్రాలనూ, పలికిన ధరలనూ పక్కపక్కన పెట్టి చూడడమే మార్గం. అమ్మకందారులు అడిగే ధరలు ఇందుకు ప్రమాణం కావు. ఎక్కడైనా ఒక నాణేనికి విపరీతమైన ధర పలికిందని తెలిస్తే దానిని కూడా ప్రమాణంగా తీసుకోవద్దు. పట్టుదల గల ఇద్దరు ఆనాడు ఎదురుపడ్డారనే దాని అర్థం, తరువాతి నాణెం వచ్చేసరికి వారిలో ఒకరు తప్పుకుని ఉంటారు. పోల్చేటప్పుడు రంగు బొమ్మ వైపు ఉందా బొరుసు వైపు ఉందా, ఎంత మేర ఉంది, ఎన్ని రంగులున్నాయి, మెరుపు వాటి గుండా బయటికి వస్తున్నదా అన్నవి చూడండి. రంగు కోసమే డాలర్లు కొనే సేకర్తలు అచ్చును అంతగా పట్టించుకోరు. వారికి బొమ్మ వైపు వెలుగే ముఖ్యం. ఆ నాణేన్ని మీరు తిరిగి అమ్మవలసి వస్తే కొనేది వారే. ఆ సంవత్సరానికి మంచి అచ్చు నాణెం కోసం వెతుకుతున్నవారు దానిని కొనరు.

మీ నాణెం సంగతి తేల్చి చెప్పాలంటే, మూడో వంతు మేర మూడు రంగులున్న నెలవంక మంచిదే గాని అరుదైనది కాదు. 63 లేదా 64 పునాది ధర మీద ఒక మోస్తరు అదనం ఇచ్చి కొనడం సమంజసం. అడుగుతున్న ధర అందుకు బాగా పైన ఉంటే వదిలేయండి. రంగు బొమ్మ వైపు అంతటా పరుచుకుని ఉన్నా, మెరుపు అసాధారణంగా ఉన్నా నా జవాబు వేరుగా ఉండేది.

ప్రశ్న: నేను నాణేలను చిత్రాలు చూసే కొంటున్నాను. రంగు సహజమైనదో కాదో, అచ్చు ఎలా ఉందో చిత్రంలో ఎంతవరకు తెలుస్తుంది?

జవాబు: అచ్చు కొంతవరకు తెలుస్తుంది, రంగు విషయంలో చిత్రాన్ని నమ్మడం కష్టం. రంగులు బాగా కనిపించేలా ఒకే కోణంలో వెలుగు పెట్టి తీసిన చిత్రంలో వెలిగిపోయే నాణెం, చేతిలోకి తీసుకుని నేరుగా చూసేసరికి మసక గోధుమ రంగులో ఉండవచ్చు. అమ్మకందారును కనీసం రెండు కోణాల చిత్రాలు, వీలైతే నాణేన్ని మెల్లగా వంచి తిప్పే వీడియో అడగండి. వెలుగు పట్టీలు రంగు మీదుగా తిరగడం అందులో కనిపించాలి. కనుబొమలు, చెవి, డేగ రొమ్ము దగ్గర నుంచి తీసిన చిత్రాలు కూడా కోరండి, ఎందుకంటే మంచి రంగున్న నాణెం చిత్రంలో మధ్యభాగం మీద చూపు నిలవదు.

నాణెం చేతికి వచ్చాక ట్యూబులైటు ఆర్పి, ఒకే బల్బు వెలుగులో చూడండి. పాతకాలపు ఫిలమెంట్ బల్బు గానీ హాలోజన్ దీపం గానీ ఇందుకు బాగా పనికొస్తాయి. రంగు కింద సమాంతరంగా సన్నటి గీతలు మెరిస్తే, ఎవరో దానిని ఒకప్పుడు తుడిచి శుభ్రం చేశారని, రంగు ఆ తరువాత వచ్చిందని అర్థం. అప్పుడు ఆ రంగు ఎంత బాగున్నా అదనపు ధరకు తగదు. కృత్రిమంగా వేడి చేసో రసాయనం పూసో తెప్పించిన రంగు తరచుగా క్రమం తప్పి ఉంటుంది, ఒక రంగు నుంచి మరో రంగుకు మెల్లగా జారదు, దెబ్బల గుంటల్లోకి కూడా ఒకే రీతిగా పాకి ఉంటుంది. సహజమైన రంగులో అక్షరాల చుట్టూ లేత అంచు ఒకటి తరచుగా కనిపిస్తుంది. రంగు మీద సందేహం ఉన్న నాణేలకు పేరున్న గ్రేడింగ్ సంస్థలు మామూలు సంఖ్యా గ్రేడు ఇవ్వవు, కాబట్టి స్లాబు లేని రంగు నాణెం కొనేటప్పుడు జాగ్రత్త రెట్టింపు కావాలి.

ప్రశ్న: ఒకే గ్రేడులో రెండు ఫ్రాంక్లిన్ అర డాలర్లు ఉన్నాయి. ఒకటి టంకశాల అమ్మిన అట్ట సెట్టులో ఉండి చక్కని రంగులు తేలింది గాని, బొరుసు వైపు గంట బొమ్మ అడుగున ఉన్న గీతలు తెగిపోయాయి. రెండోది తెల్లగా ఉంది, గీతలు పూర్తిగా ఉన్నాయి. దేనిని తీసుకోవాలి?

జవాబు: మోర్గాన్ డాలర్లకు చెప్పిన సూత్రం ఇక్కడ కొంత మారుతుంది. ఫ్రాంక్లిన్ అర డాలర్లలో (1948–1963) గంట అడుగు గీతలు, మెర్క్యురీ డైముల్లో (పది సెంట్ల నాణేలు, 1916–1945) బొరుసు వైపు కట్టెల మోపు మీది పట్టీలు, నిలబడిన లిబర్టీ క్వార్టర్లలో (పాతిక సెంట్ల నాణేలు, 1916–1930) తల వివరాలు పూర్తిగా ఉన్నవాటికి గ్రేడింగ్ సంస్థలు ప్రత్యేకంగా గుర్తింపు ఇస్తాయి. మార్కెట్ అచ్చుకు విడిగా ధర కట్టిన శ్రేణులివి. అందుచేత ముందు సంవత్సరం చూడండి. గీతలు పూర్తిగా ఉన్న నాణేలు సులభంగా దొరికే సంవత్సరమైతే ఆ గుర్తింపుకు ఉండే అదనం స్వల్పమే, నిస్సంకోచంగా రంగు నాణేన్నే తీసుకోండి. 1953 శాన్ ఫ్రాన్సిస్కో అర డాలర్, 1945 ఫిలడెల్ఫియా డైము వంటివైతే పూర్తి అచ్చు అత్యంత అరుదు. అక్కడ ఎంతటి రంగూ ఆ తేడాను పూడ్చలేదు.

ఒక్క హెచ్చరిక. ఈ గుర్తింపు నాణెం మీద ఒకే ఒక చోటును చూసి ఇచ్చేది. తల పూర్తిగా పడిన లిబర్టీ క్వార్టర్‌లో డాలు మీది బొడిపెలు లేకపోవడం నేను తరచుగా చూస్తుంటాను, కాబట్టి గుర్తింపు ఉన్నంత మాత్రాన నాణెమంతా నిండుగా ఉందని అనుకోవద్దు. మీ రంగు నాణెం విషయంలో ఒక మంచి సంగతి ఏమిటంటే, 1947 నుంచి 1958 వరకు టంకశాల అమ్మిన సెట్లను గంధకం ఉన్న అట్టల్లో అమర్చేవారు. ఆ అట్టల వల్ల వచ్చిన రంగును మార్కెట్ సహజమైనదిగానే అంగీకరిస్తుంది.

ప్రశ్న: రంగును ద్రావకంలో ముంచి తీసేస్తే అచ్చు మరింత స్పష్టంగా కనిపించి విలువ పెరుగుతుందా?

జవాబు: దయచేసి ఆ పని చేయకండి. అచ్చు పడని చోట వివరాలు లోపల దాగి లేవు, అవి ఎన్నడూ ఏర్పడలేదు. ఆమ్లం కలిపిన థయోయూరియా ద్రావకం సిల్వర్ సల్ఫైడ్‌ను కరిగించేటప్పుడు, అందులో కలిసిపోయిన వెండి కూడా దానితోపాటే పోతుంది. మెరుపునిచ్చే సూక్ష్మమైన చారలు ఒక్క ముంపుకే కొంత పలచబడతాయి, మళ్లీ మళ్లీ ముంచితే నాణెం పాలిపోయి నిర్జీవమవుతుంది. అప్పుడు మీ దగ్గర మిగిలేది రంగూ మెరుపూ రెండూ లేని చదును నాణెం. పాత ప్లాస్టిక్ కవర్లలోని పీవీసీ వల్ల వచ్చిన ఆకుపచ్చని జిగట మాత్రం తీసేయవలసిందే. దానికి స్వచ్ఛమైన ఆసిటోన్ చాలు. అది సహజమైన రంగును ముట్టదు. గాజు పాత్రలో, మంటకు దూరంగా, గాలి ఆడే చోట ముంచి తీయండి, గుడ్డతో రుద్దవద్దు.

ప్రశ్న: మంచి రంగున్న నాణేన్ని ఎక్కువ ధర పెట్టి కొన్నాను. ఆ రంగు అలాగే ఉండాలంటే ఎలా దాచాలి?

జవాబు: గంధకం, తేమ, వేడి ఈ మూడింటినీ దూరంగా ఉంచండి. ఊదా, నీలం దశలో ఉన్న పొర ఇంకా మందమైతే రంగు దాటిపోయి నలుపు వైపు వెళుతుంది, నలుపు ముదిరిన చోట లోహమే తినబడుతుంది. పీవీసీ లేని మైలార్ కవర్లు గానీ గట్టి ప్లాస్టిక్ పెట్టెలు గానీ వాడండి. రబ్బరు బ్యాండ్లు, మామూలు కాగితపు కవర్లు, ఉన్ని బట్టలు ఉన్న పెట్టెలో నాణేలు పెట్టవద్దు, వాటిలో గంధకం ఉంటుంది. స్లాబు కూడా పూర్తిగా గాలి చొరనిది కాదు కాబట్టి పెట్టెలో సిలికా జెల్ పొట్లం ఉంచి, అది తేమ పీల్చుకున్నాక మార్చండి. కొన్న రోజునే ఒకే బల్బు వెలుగులో, ఒకే కోణంలో చిత్రం తీసి పెట్టుకుంటే, రంగు కదులుతున్నదో లేదో ఏటా పోల్చి చూసుకోవచ్చు. కదులుతున్నట్టు తేలితే దాచిన చోటును వెంటనే మార్చండి.